రిటైరయ్యాక గిటారు వాయిద్దామంటే: మైకా, యాంపా, బ్యాటరీ స్పీకరా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అటక మీద పడుకున్న గిటారు రిటైర్మెంటుతో కిందికి దిగుతుంది. కొన్నాళ్లు ఇంట్లో, ఆ తర్వాత చర్చి క్వయర్‌లోనో, అపార్ట్‌మెంటు సంక్రాంతి వేడుకలోనో, పాత సినిమా పాటలు పాడుకునే మిత్రబృందంలోనో, ఎవరిదో షష్టిపూర్తిలోనో అది బయటి మనుషుల ముందుకు వస్తుంది. చిక్కు అక్కడే. పడక గదిలో నిండుగా మోగిన గిటారు, నలభై మంది కబుర్లు చెప్పుకుంటూ ప్లేట్లు చప్పుడు చేసే హాల్లో మూడో వరుస దాకా కూడా పోదు.

దుకాణానికి వెళితే అమ్మేవాళ్లు వాట్ల లెక్క చెబుతారు. అరవై వాట్లు, నూట ఇరవై వాట్లు, మూడు వందలు. పెద్దది కొంటే ఎప్పటికైనా పనికొస్తుందంటారు. ఆ మాట వినకండి. పెద్ద సభ అంటే అక్కడ మైకు సెట్టు, దాన్ని చూసుకునే మనిషి ముందే ఉంటారు. మన స్పీకరు అక్కడ అవసరం లేదు. అవసరమయ్యేది చిన్న చోట్ల, అంటే మైకు సెట్టు వాళ్లను పిలవనంత చిన్న కూడికల్లో. కాబట్టి మీరు తరచుగా వాయించే అతి చిన్న చోటికి సరిపోయేది కొనండి. పెద్ద సభకు చేతిలో ఇమిడే ఒక డబ్బా చాలు. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

బేరానికి ముందు చూసుకోవలసినవి

మొదటిది బరువు. అరవై దాటినవారికి నేను చెప్పే కొలత ఒకటే: గిటారు సంచి వీపున ఉండాలి, స్పీకరు ఒక చేతిలో ఉండాలి, రెండో చెయ్యి మెట్ల కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. కేబుళ్లు, మైకు, క్లిప్పు గిటారు సంచి జేబులోకే పోవాలి. ఈ లెక్కన ఎనిమిది, తొమ్మిది కిలోలు దాటిన ఏ పెట్టె అయినా రెండో మనిషిని అడుగుతుంది. పదహారు కిలోల యాంప్ ఆటోలోంచి దించడం వరకు బాగానే ఉంటుంది. లిఫ్టు పనిచేయని రోజున తెలుస్తుంది దాని అసలు ధర.

రెండోది చెవి. వయసుతో ముందు తగ్గేది పై స్థాయి శబ్దాలు వినే శక్తి. అందుకే మనలో చాలామంది తెలియకుండానే ట్రెబుల్ నాబ్ కుడివైపు తిప్పుతూ పోతారు. మనకు అప్పుడే స్పష్టంగా ఉంటుంది, ముందు వరుసలోని కుర్రవాళ్లకు మాత్రం చెవిలో సూది గుచ్చినట్టుంటుంది. ట్రెబుల్‌ను మధ్యలో వదిలేసి, ఇంకా ఏమైనా మార్చాలనిపిస్తే ముప్పై ఏళ్ల లోపు వాళ్లెవరినైనా హాల్లో నిలబెట్టి అడగండి. హియరింగ్ ఎయిడ్ పెట్టుకునేవారికి మరో సంగతి. సాగే సంగీత స్వరాన్ని ఆ యంత్రం ఒక్కోసారి ఫీడ్‌బ్యాక్ (స్పీకరు శబ్దం తిరిగి మైకులో పడి పుట్టే కూత) అనుకుని నొక్కేయడానికి చూస్తుంది, దాంతో గిటారు వణుకుతున్నట్టు వినిపిస్తుంది. ఆడియాలజిస్టును అడిగితే సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రాం పెట్టి ఇస్తారు. యాంప్ తప్పు కాని దానికి యాంప్ మార్చకండి.

మూడోది వేళ్లు. దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు. శబ్దం స్పీకరు ఇస్తున్నప్పుడు తీగలు లావుగా ఉండనక్కర్లేదు. మామూలుగా స్టీలు తీగల గిటారుకు వేసే 0.012 సెట్టు (అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళాల్లో) బదులు 0.011, కీళ్ల నొప్పులుంటే 0.010 వేయండి. ఎడమ చేతి వేళ్లకు వెంటనే తేడా తెలుస్తుంది. తీగల లాగుడు తగ్గుతుంది కాబట్టి మెడ వంపును అదుపులో ఉంచే లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, కొద్దిగా సరిచేయించవలసి రావచ్చు. చేయి తెలిసిన మెకానిక్‌కు అది పది నిమిషాల పని.

నాలుగోది బొత్తాలు. మసక వెలుతురులో, చదివే కళ్లద్దాలు జేబులో ఉండగా, రెండో పాట మధ్యలో శబ్దం తగ్గించగలరా? గట్టి నాబులున్న పెట్టె ఇక్కడ గెలుస్తుంది. ఫోను యాప్‌లో మెనూలు తెరిస్తే తప్ప రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే ప్రతిధ్వని) మారని పెట్టె ఎంత గొప్పదైనా నేను సిఫారసు చేయను.

ఐదోది కరెంటు. పార్కులో, మేడ మీద, ఊళ్లో తోటలో వాయించేవారికి బ్యాటరీ కావాలి. ఎప్పుడూ హాల్లోనే వాయించేవారికి అది అనవసరపు ఖర్చు.

వాట్లను కావాలనే చివరకు నెట్టాను. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. ముప్పై నుంచి అరవైకి పోయినందువల్ల మీ సభ పెద్దదైపోదు.

ముందు గిటారు సంగతి

స్పీకరు ఏదైనా, గిటారు నుంచి దానికి వెళ్లే శబ్దం బాగుండకపోతే బూడిదలో పోసిన పన్నీరే. పదిలో ఆరుగురు డబ్బంతా స్పీకరు మీద పెట్టి, పికప్ (గిటారు కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) దగ్గర పిసినారితనం చూపిస్తారని నా అనుమానం. తిరగేసి ఖర్చు పెట్టండి.

మన దుకాణాల్లో సెమీ అకౌస్టిక్ అని అమ్మే గిటార్లలో శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) కింద పియెజో పట్టీ, అంటే ఒత్తిడిని సంకేతంగా మార్చే పికప్, పక్కన ఆ సంకేతాన్ని పెంచే, నాబులున్న ప్రీయాంప్ ముందే ఉంటాయి. దీనికి పెద్ద సుగుణం ఏమిటంటే శబ్దం పెంచినా త్వరగా కూయదు. గట్టిగా మీటినప్పుడు మాత్రం చెక్క వాసన పోయి, ప్లాస్టిక్ మీద గీకినట్టు పలుచగా పలుకుతుంది. దీన్ని జనంలోకి తెచ్చినవారిలో ఓవేషన్ గిటార్ల వ్యవస్థాపకుడు చార్లెస్ కామన్ ఒకరు. ఆయన వృత్తి హెలికాప్టర్ల తయారీ. 1966లో గుండ్రటి ప్లాస్టిక్ వీపుతో గిటార్లు మొదలుపెట్టి, కొద్ది ఏళ్లలోనే వాటి బ్రిడ్జ్‌లో పియెజో బిగించాడు. వేదిక మీద అకౌస్టిక్ గిటారు వాయించేవారికి అది నిజంగా వరమే, శబ్దం నచ్చనివారు కూడా ఒప్పుకుంటారు.

మీది పాత మామూలు గిటారు అయితే, ఉదాహరణకు కలకత్తా గివ్‌సనో, యమహా ఎఫ్310నో అయితే, మూడు దారులున్నాయి. సౌండ్ హోల్‌లో అడ్డంగా బిగించే మాగ్నెటిక్ పికప్ ఒకటి. స్క్రూ డ్రైవరుతో మీరే పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు, గిటారుకు రంధ్రం పడదు. ఎల్‌.ఆర్‌. బ్యాగ్స్ ఎం1, ఫిష్‌మన్ రేర్ ఎర్త్ ఈ కోవలోవి. శబ్దం మెత్తగా, కొంచెం ఎలక్ట్రిక్ గిటారు వైపు ఒరిగి ఉంటుంది. స్టీలు తీగలకే పనిచేస్తుంది, నైలాన్ తీగల గిటారులో పెడితే మౌనమే. రెండోది లోపల బ్రిడ్జ్ కింది చెక్కకు అతికించే చిన్న బిళ్లలు. కె అండ్ కె ప్యూర్ మినీ ఇలాంటిదే, మూడు బిళ్లలు, లోపల బ్యాటరీ ఉండదు. అన్నిటిలోకి చెక్క శబ్దానికి దగ్గరగా పలికేది ఇది, నైలాన్‌కూ పనికొస్తుంది, కానీ శబ్దం పెంచితే పియెజో పట్టీ కంటే ముందే కూస్తుంది. మూడోది క్లిప్పుతో పైన తగిలించేవి, వందల రూపాయల్లో దొరికేవి. ఇంట్లో సరదాకు సరే. సభలో వద్దు, చొక్కా గుండీ తగిలినా పెళపెళమంటుంది.

నా ఓటు చెబుతాను. చిన్న చోట్ల నెమ్మదిగా వేళ్లతో మీటేవారికి అతికించే బిళ్లలు, డ్రమ్స్, కీబోర్డు పక్కన కార్డ్స్ కొట్టేవారికి మాగ్నెటిక్ లేదా ఉన్న పియెజో.

ఒక చిన్న జాగ్రత్త. లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉన్న గిటార్లలో చాలావాటికి ఆన్, ఆఫ్ స్విచ్ ఉండదు. అడుగున జాక్‌లో కేబుల్ దూర్చగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది. సాయంత్రం వాయించి కేబుల్ అలాగే వదిలేసి పడుకుంటే, ఆదివారం ఆరాధన మధ్యలో గిటారు గొంతు పగిలి, పీలగా మారి ఆగిపోతుంది. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి, సంచిలో కొత్త బ్యాటరీ ఒకటి ఉంచుకోండి.

మొదటి దారి: ముందు మైకు పెట్టుకోవడం

గిటారు శబ్దాన్ని అది ఉన్నట్టుగా పట్టేది మైకు ఒక్కటే. ష్యూర్ ఎస్‌ఎం57, ఎస్‌ఎం58 వంటి డైనమిక్ మైకులు జీవితకాలం మన్నుతాయి, రేపు పాడటానికీ పనికొస్తాయి. మైకును మెడ, పెట్టె కలిసే చోటికి జానెడు దూరంలో పెట్టాలి. అందరూ సౌండ్ హోల్‌కు ఎదురుగా పెడతారు, అక్కడ శబ్దం గుమగుమలాడి మాటలు మింగేస్తుంది.

ఇందులో ఇబ్బంది మనిషి కదలిక. మైకుకూ గిటారుకూ మధ్య దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ దాకా పోతుంది. ఊగుతూ వాయించే అలవాటుంటే శబ్దం వచ్చి పోతూ ఉంటుంది. దగ్గర్లో స్పీకరు ఉంటే కూత తప్పదు. నిశ్శబ్దంగా వినే యాభై మంది లోపు సభ, కుర్చీలో కదలకుండా కూర్చుని వాయించే మనిషి, నైలాన్ తీగలు: ఈ మూడూ కుదిరితే మైకును మించింది లేదు. ఒక్కటి లోపించినా పికప్ వైపు వెళ్లండి.

రెండో దారి: పికప్, డి.ఐ. డబ్బా, హాలు వాళ్ల మైకు సెట్టు

చేతిలో ఇమిడే డబ్బా అన్నది ఈ డి.ఐ. (డైరెక్ట్ ఇంజెక్షన్) డబ్బానే. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే దీని గురించి తెలియకే చాలామంది అనవసరంగా పెద్ద స్పీకర్లు కొంటారు.

చర్చిలో, ఫంక్షన్ హాల్లో, కాలనీ వేదిక మీద అహూజా యాంప్లిఫయరో మరొకటో ఉంటుంది. అది మైకుల కోసం చేసింది. బ్యాటరీ లేని పియెజో పికప్‌ను నేరుగా దానిలో దూరిస్తే శబ్దం ఎండిపోయి, గీకుడుగా వస్తుంది. ఆ పికప్‌కు కనీసం 1 మెగాఓమ్ (పది లక్షల ఓమ్‌లు) ఇంపీడెన్స్, అంటే సంకేతానికి ఎదురయ్యే అడ్డు, ఉన్న ఇన్‌పుట్ కావాలి, మైకు ఇన్‌పుట్‌లో అది వేల ఓమ్‌లలోనే ఉంటుంది. డి.ఐ. డబ్బా ఈ రెంటికీ మధ్యవర్తి. ఒకవైపు గిటారు కేబుల్, మరోవైపు మూడు పిన్నుల మైకు కేబుల్. అక్కడి నుంచి మిక్సర్ ముప్పై మీటర్ల దూరంలో ఉన్నా గరగర ఉండదు.

కొనేటప్పుడు ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ సర్దే నాబులు), కూతను నరికే నాచ్ నాబ్, శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ ఉన్న అకౌస్టిక్ డి.ఐ. చూడండి. ఎల్‌.ఆర్‌. బ్యాగ్స్ పారా అకౌస్టిక్ డి.ఐ. దశాబ్దాలుగా పేరున్నది, 9 వోల్ట్ బ్యాటరీతోనూ నడుస్తుంది. ఆ బ్యాటరీ సంగతి ముఖ్యం. మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటం పవర్‌తో మాత్రమే నడిచే డబ్బా కొంటే, ఆ సదుపాయం లేని మైకు సెట్టు దగ్గర అది పేపర్ వెయిట్.

ఫేజ్ స్విచ్ పని చూడండి. గిటారు పెట్టెలోని గాలికి తనదైన ఒక స్వరం ఉంటుంది. పెద్ద సైజు గిటార్లలో అది ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే 98 హెర్ట్జ్ స్వరానికీ ఖాళీ ఐదో తీగ 110 హెర్ట్జ్‌కూ మధ్య ఉంటుంది. స్పీకరు శబ్దం తగిలి గిటారు తనంతట తానే ‘ఊ...’ అని మొదలుపెట్టేది అక్కడే. ముందు ఫేజ్ స్విచ్ తిప్పండి, సగంసార్లు దానితోనే ఆగుతుంది. ఆగకపోతే నాచ్ నాబ్‌ను ఆ చుట్టుపక్కల నెమ్మదిగా జరుపుతూ, కూత చచ్చే చోట వదలండి. అదీ చాలకపోతే సౌండ్ హోల్‌ను మూసే రబ్బరు మూత వంద పనులు చేస్తుంది, ఖరీదు తక్కువ.

గుయ్‌మనే కరెంటు హమ్ వస్తే డబ్బా మీద గ్రౌండ్ లిఫ్ట్ బొత్తం నొక్కాలి. మైకు సెట్టు కుర్రవాడు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను పీకేసి ‘ఇప్పుడు పోయింది చూడండి సార్’ అంటే మాత్రం ఒప్పుకోకండి. హమ్‌తో పాటు మీ ప్రాణానికి ఉన్న రక్షణ కూడా పోయింది. లోహపు తీగలు మీ చేతిలో, లోహపు మైకు మీ పెదవుల దగ్గర ఉంటాయి.

లోపం ఒకటే: మీ శబ్దం ఇతరుల చేతిలో ఉంటుంది. పాడేవారి గొంతు వినపడితే చాలనుకునే ఆపరేటరు మీ గిటారును సున్నాలో ఉంచి, తలూపుతూ కూర్చోగలడు.

మూడో దారి: అకౌస్టిక్ యాంప్

ఒక పెట్టెలో ప్రీయాంప్, ఈక్వలైజర్, కూత నివారణ, రివర్బ్, గిటారుకు ఒక చానెల్, మైకుకు మరొకటి, స్పీకరు. ఆరు నుంచి అరవై మంది దాకా ఉండే గదులకు ఇది సిసలైన సమాధానం. వెనుక ఉండే డి.ఐ. అవుట్ నుంచి మైకు సెట్టుకు కేబుల్ ఇవ్వవచ్చు. అప్పుడు యాంప్ మీకు మాత్రం వినిపించే మానిటర్ అవుతుంది, ఆపరేటరు దయ మీద బతకనక్కర్లేదు. అందుకే రెండో దారిలోని లోపానికి విరుగుడు కూడా ఇదే.

ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లు, తొమ్మిది కిలోల లోపు. నాబులు స్పష్టంగా ఉంటాయి, మెనూలు లేవు. నా మెట్ల కమ్మీ పరీక్షలో అంచు మీద పాస్. దాని అన్న లౌడ్‌బాక్స్ ఆర్టిస్ట్ 120 వాట్లు, పదకొండున్నర కిలోలు, శబ్దం ఇంకా నిండుగా ఉంటుంది, కానీ మన వయసుకు నేను మినీ దగ్గరే ఆగుతాను. మార్షల్ ఏఎస్50డి దుకాణంలో చాలా బాగా పలుకుతుంది, రెండు ఎనిమిది అంగుళాల స్పీకర్లు, పదహారు కిలోలు. ఇంట్లో ఒక మూల శాశ్వతంగా పెట్టుకునేవారు కొనవచ్చు.

జర్మనీ వారి ఏఈఆర్ కాంపాక్ట్ 60 ఆరున్నర కిలోలే. 60 వాట్లు, ఒకే స్పీకరు, గిటారు ఉన్నదున్నట్టు, ఎక్కువా తక్కువా లేకుండా. ధర లక్ష దాటుతుంది. అంత పెట్టాలా అంటే, మీ గిటారు విలువ దానికి దగ్గరగా ఉండి, చెవి తేడా పట్టగలిగితే పెట్టండి. లేకపోతే ఆ డబ్బుతో మంచి పికప్, మినీ, డి.ఐ. మూడూ వస్తాయి, పెట్రోలు ఖర్చు మిగులుతుంది.

బ్యాటరీ కావాలంటే రోలాండ్ ఏసీ-33 ఉంది. ఎనిమిది ఏఏ సెల్లతో దాదాపు ఎనిమిది గంటలు నడుస్తుంది, బరువు నాలుగున్నర కిలోల పైచిలుకు. ప్లగ్గులో 30 వాట్లు, సెల్ల మీద 20 కాబట్టి పాతిక, ముప్పై మంది నిశ్శబ్దంగా వినే చోటికే. సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయన్నది చిన్న ఊళ్లలో చిన్న సంగతి కాదు.

ఇంట్లో అబ్బాయి వదిలేసి వెళ్లిన ఎలక్ట్రిక్ గిటారు యాంప్ ఉంది కదా అంటారు కొందరు. దాని స్పీకరు పై స్థాయి శబ్దాలను పలికించడానికి చేసింది కాదు. అకౌస్టిక్ గిటారు దానిలో దుప్పటి కప్పుకుని మాట్లాడుతుంది. కీబోర్డు యాంప్ ఉంటే నిరభ్యంతరంగా వాడండి.

నాలుగో దారి: బ్యాటరీ పీఏ స్పీకరు

పీఏ అంటే పబ్లిక్ అడ్రస్, సభకు వినిపించే స్పీకరు. బోస్ ఎస్1 ప్రో ప్లస్, జేబీఎల్ ఇయాన్ వన్ కాంపాక్ట్ వంటివి. గిటారు, మైకు, ఫోనులోని కరోకే ట్రాక్ మూడూ ఒకే పెట్టెలోంచి వస్తాయి. ఎస్1 ప్రో ప్లస్ ఆరున్నర కిలోలు, ఇయాన్ వన్ కాంపాక్ట్ ఎనిమిది. ఛార్జింగుకు పది గంటల పైన వస్తుందని రెండు కంపెనీలూ చెబుతాయి. పూర్తి శబ్దంలో అంత రాదు, ఒక సాయంత్రానికి మాత్రం ధోకా లేదు. పాడుతూ వాయించేవారికి, ట్రాకుల మీద వాయించేవారికి, కరెంటు దొరకని చోట వాయించేవారికి ఇది మొదటి ఎంపిక. పుట్టినరోజు నాడు మనవరాలు డ్యాన్సు చేయడానికీ పనికొస్తుంది కాబట్టి ఇంట్లో బడ్జెట్ కూడా త్వరగా ఆమోదం పొందుతుంది.

గిటారు ఒక్కటే వింటే అకౌస్టిక్ యాంప్ అంత తీయగా ఉండదు. పాటల రికార్డింగులు వినిపించడానికి ట్యూన్ చేసిన స్పీకరు కాబట్టి పియెజోలోని గీకుడును దాచిపెట్టదు. మధ్యలో అకౌస్టిక్ డి.ఐ. పెడితే చాలావరకు సర్దుకుంటుంది. గిటారును మాత్రం కేబుల్‌తోనే కలపండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. ట్రాకుకు అది తెలియదు, వాయించే చేతికి తెలుస్తుంది. లిథియం బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ నీరసపడుతుంది, కాబట్టి బ్యాటరీని మనమే తీసి మార్చుకోగల మోడల్ కొనండి. పై రెండింటిలో ఆ వీలుంది.

ఐదో దారి: నిలువు స్తంభం స్పీకర్లు

2003లో బోస్ ఎల్1తో ఇవి జనం ముందుకొచ్చాయి. సన్నటి స్తంభం వాయించేవారి వెనుకే నిలబడుతుంది, సభకు ఏది వినిపిస్తుందో వారికీ అదే వినిపిస్తుంది. మామూలు పెట్టె శబ్దం దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గితే, స్తంభానికి దగ్గరి దూరాల్లో 3 చుట్టూ తగ్గుతుంది. ముందు వరుసకు మోత, వెనుక వరుసకు కరువు అనే గొడవ తక్కువ. చిన్నదైన ఎల్1 కాంపాక్ట్ పదమూడు కిలోలు. నలుగురైదుగురు కలిసి వాయించే బృందం తలా కొంత వేసుకుని కొంటే బాగుంటుంది. ఒంటరి మనిషికి ఎక్కువే.

ఒక్కచోట చూస్తే

| దారి | మోయాల్సిన బరువు | సరిపోయే చోటు | కరెంటు | కూత భయం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| మైకు, హాలు సెట్టు | కిలో లోపు | నిశ్శబ్ద సభ | హాలుది | ఎక్కువ | కొన్ని వేలు |
| పికప్, డి.ఐ., హాలు సెట్టు | కిలో లోపు | ఎంత పెద్దదైనా | డబ్బాకు చిన్న బ్యాటరీ | తక్కువ | వేలల్లో, మంచి పికప్ అయితే పది వేలు దాటి |
| అకౌస్టిక్ యాంప్ | 4.7 నుంచి 16 కిలోలు | అరవై మంది దాకా | ఎక్కువగా ప్లగ్గు | మధ్యస్థం | పదివేల నుంచి లక్ష పైన |
| బ్యాటరీ పీఏ | 6.5 నుంచి 8 కిలోలు | నూరు మంది దాకా, ఆరుబయట సగం | బ్యాటరీ | మధ్యస్థం | అరలక్ష, ఆ పైన |
| స్తంభం | 13 కిలోలు, ఆ పైన | నూరు దాటినా | ప్లగ్గు | మధ్యస్థం | అన్నిటికంటే ఎక్కువ |

జనం లెక్కలు నా అంచనాలు. భోజనాల వేళ అయితే అందులోంచి సగం తీసేయండి.

మీరు ఎవరు?

ప్రతి ఆదివారం చర్చిలో వాయించేవారు స్పీకరు గురించి ఆలోచించకండి. మంచి పికప్, అకౌస్టిక్ డి.ఐ., ఐదు మీటర్ల మంచి కేబుల్ కొనండి. ఆపరేటరుతో స్నేహం చేసి ఆరాధనకు అరగంట ముందు వెళ్లండి. తర్వాత ఎప్పుడైనా డబ్బు మిగిలితే పక్కన మానిటర్‌గా చిన్న యాంప్.

పాత సినిమా పాటలు పాడుతూ, ట్రాకు మీద వాయిస్తూ, క్లబ్బు హాలు నుంచి మేడ మీదికి, అక్కడి నుంచి వాకర్స్ పార్కుకు తిరిగేవారికి బ్యాటరీ పీఏ. ఆరుబయట స్పీకరు పెట్టేవారు గుర్తుంచుకోవలసిన సంగతి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసిన హాళ్లలో తప్ప వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. మన గిటారుకు పోలీసులు రారు, పై అంతస్తు పెద్దాయన వస్తారు.

పాట లేకుండా వేళ్లతో మీటుతూ గిటారు ఒక్కటే వినిపించేవారికి అకౌస్టిక్ యాంప్, అతికించే పికప్. ఇక్కడ మాత్రం డబ్బుకు వెనకాడకండి. వినిపించేది ఆ శబ్దం ఒక్కటే.

ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర ఉండేవారి లెక్క వేరు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. అమెరికాలో చవకని కొన్న యాంప్ వెనుక 120 వోల్టులు మాత్రమే రాసి ఉంటే ఇక్కడ నేరుగా ప్లగ్గులో పెట్టగానే పొగ వస్తుంది. 100–240 అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. మోడల్ పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి ఇది మారవచ్చు, అందుకని కరపత్రం కాదు, పెట్టె వెనుక అంటించిన పట్టీ చదవండి. వీరికి నా సలహా: పికప్ గిటారులో ఉంచి, డి.ఐ. జేబులో పెట్టుకుని విమానం ఎక్కండి. స్పీకరు ఏ దేశంలోది ఆ దేశంలోనే ఉండనివ్వండి.

బడ్జెట్ బాగా తక్కువైతే ముందు పికప్, మామూలు డి.ఐ. మాత్రమే కొని ఒక ఏడాది హాళ్ల మైకు సెట్ల మీద వాయించండి. మీరు నిజంగా ఎక్కడ వాయిస్తున్నారో ఆ ఏడాదిలో తెలిసిపోతుంది.

దుకాణంలో

మీ గిటారు తీసుకెళ్లండి. వాళ్ల దగ్గరున్న ఖరీదైన గిటారుతో ఏ యాంప్ అయినా బాగానే పలుకుతుంది. నాబులన్నీ మధ్యలో పెట్టి, రివర్బ్ పూర్తిగా తీసేసి వినండి. రివర్బ్ వేసి వినిపించే అమ్మకందారుడికి ఏదో దాచే అవసరం ఉంది. మీరు వాయించేటప్పుడు వెంట వచ్చినవారిని ఆరేడు మీటర్ల దూరంలో నిలబెట్టండి, తర్వాత వాళ్లు మీటుతుంటే మీరు అక్కడికి వెళ్లండి. ఖాళీ ఐదో తీగ గట్టిగా మీటి, చెయ్యి ఎత్తేసి, యాంప్ ఎంత శబ్దం దగ్గర కూయడం మొదలుపెడుతుందో చూడండి. కూర్చుని వాయించేవారైతే యాంప్‌ను వెనక్కి వాల్చి ముఖం చెవి వైపు తిరిగేలా పెట్టే వీలుందో లేదో చూడండి. లేకపోతే శబ్దమంతా మీ మోకాళ్లకు వినిపిస్తుంది.

చివరగా దాన్ని ఒక చేత్తో ఎత్తి, గిటారు సంచి వీపున వేసుకుని, దుకాణం మెట్లు ఒకసారి దిగి ఎక్కండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. మీ ఊళ్లో దానికి సర్వీసు ఎవరు చేస్తారో, బిల్లు మీద వారంటీ ఎన్నాళ్లో అడగడానికి ఊపిరి మిగిలి ఉంటే డబ్బు కట్టేయవచ్చు.